రద్దు అనే అన్నాను

11 మార్చి 2008, మంగళవారం. విశాఖపట్నం.

ఓడ పోయింది. మునిగిపోలేదు, పూర్తిగా కట్టకముందే పోయింది.

నౌకాదళానికి కడుతున్న రెండు యుద్ధనౌకలూ ఇక వద్దని ప్రభుత్వం తేల్చేసిందట. పొద్దున పదింటికి ఓడలు కట్టే కంపెనీ గేటుకు కాగితం అంటించారు. నాలాంటి చిన్న కాంట్రాక్టర్లం ముప్పై నలభై మందిమి ఒకరి భుజం మీంచి ఒకరం తొంగి చూసి చదువుకున్నాం. మొదటి లాటు బిల్లు తీసుకుపోదామని వచ్చినవాణ్ణి నేను. మేనేజరు బయటికి వచ్చి, "పైనుంచే రద్దయింది. మీకు ఇచ్చేదేమీ ఉండదు, ఆశ పెట్టుకోకండి" అని మళ్ళీ లోపలికి పోయాడు. రెండేళ్ళుగా నాతో కూర్చుని చేపల పులుసు తిన్న మనిషి. నా ముఖం కూడా చూడలేదు.

పాల్వంచలో నా షెడ్డులో ఇరవై ఆరు మూతలు గోడకు ఆనించి ఉన్నాయి. డెక్కు మీంచి మనిషి ఓడలోకి దిగే కంతకు బిగించే ఇనుప మూతలు. చుక్క నీరు లోపలికి పోకూడదు. ఆర్డరు నలభైకి. ఉక్కు కొనడానికి ఇల్లు బ్యాంకులో పెట్టాను. ఇప్పుడా మూతలు దేనికి? బావుల మీదికి కూడా సరిపోవు.

సెల్లులో డబ్బులు అయిపోతే బూత్ నుంచి షెడ్డుకు ఫోన్ చేశాను. మా వెల్డర్ హరిలాల్ ఎత్తాడు. రద్దయిందని చెప్పాను. ఏం చెయ్యాలో కూడా చెప్పాను.

రేపు మధ్యాహ్నం బస్సుకు సీటు దొరికింది.

12 మార్చి, బుధవారం.

బస్సులో పక్క సీటాయన కాకినాడ కాంట్రాక్టరు. కంపెనీ మాట నమ్మొద్దు, కాగితాలు ఉంటే ఎక్కడైనా కొట్లాడవచ్చు, కాగితాలు మాత్రం భద్రం అన్నాడు. రాజమండ్రిలో బస్సు ఆగితే షెడ్డుకు చేశాను. ఎవరూ ఎత్తలేదు.

13 మార్చి, గురువారం.

షెడ్డు మూలన రేకులతో కట్టిన గది మా ఆఫీసు. అందులో అల్మరా తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. లోపల ఏమీ లేదు. ఒక్కో మూతకు నాలుగు గులాబీరంగు కార్డులు. కోతకు ఒకటి, జోడింపుకు ఒకటి, వెల్డింగుకు ఒకటి, లీకు పరీక్షకు ఒకటి. ప్రతి మెట్టులోనూ కంపెనీ ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి సంతకం పెట్టాడు. నూట నాలుగు కార్డులు. మా రెండేళ్ళ పనికి ఉన్న సాక్ష్యం అంతా అదే.

"కార్డులు ఏవిరా హరీ?"

"అమ్మిన సారూ."

"ఏంటి?"

"కార్డులు, నక్షలు అన్నీ. తుల్సీరాం వచ్చి తూకమేసి కొంచవోయిండు."

తుల్సీరాం రద్ది కాగితాల వ్యాపారి. బూర్గంపాడు అడ్డరోడ్డు దగ్గర అతని దుకాణం.

"ఎవడు అమ్మమన్నాడురా నిన్ను?"

"మీరే అన్నరు గదా సారూ, ఫోన్ల."

నేను రద్దు అన్నాను. ఆర్డరు రద్దయింది అన్నాను. వీడు రద్ది అని విన్నాడు. రద్దుకూ రద్దికీ తేడా తెలియని మనిషిని పదకొండేళ్ళు పక్కన పెట్టుకున్నందుకు నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలి. అదే అందరి ముందూ అన్నాను. ఊడ్చి, రంగులేసే సైదమ్మ, ఫిట్టర్ క్రిస్టోఫర్, హెల్పర్లు ఇద్దరూ, అందరూ అక్కడే ఉన్నారు. "తండాలో నుంచి తెచ్చి పని నేర్పితే నా మెడకే కత్తి పెట్టావు కదరా" అన్నాను. ఎవరూ నోరెత్తలేదు. హరిలాల్ కూడా.

14 మార్చి.

రద్దు అనే అన్నాను.

17 మార్చి, సోమవారం.

టీకొట్టు దగ్గర అందరూ ఓడ సంగతి అడుగుతున్నారు. ఎంతసేపని ఏడుపు ముఖంతో చెప్పను? రద్దు, రద్ది కథ చెప్పాను. పగలబడి నవ్వారు. థర్మల్ స్టేషన్ షిఫ్టు దిగి వచ్చిన వాళ్ళకు ఇంకోసారి చెప్పమన్నారు, చెప్పాను. రెండోసారి ఇంకా బాగా వచ్చింది. ఎవడో "ఇగ హరిలాల్ కాదు, రద్దిలాల్" అన్నాడు.

ఆ పేరు నేను పెట్టలేదు. జరిగింది చెప్పాను, అంతే.

19 మార్చి, బుధవారం.

ఈస్టర్ ముందు ఉపవాసాల తపస్కాలం అయిపోవస్తోంది, ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళకపోతే మా ఆవిడ ఆరోగ్యమ్మ ఊరుకోదు. వెళ్ళాను. కోపం చేసుకున్నాను, పనివాణ్ణి తిట్టాను అని చెప్పాను. ఇంకేమైనా ఉందా అన్నారు ఫాదర్. లేదన్నాను.

23 మార్చి. ఈస్టర్.

కోడి కూర. బ్యాంకు వాళ్ళ నోటీసు నిన్ననే వచ్చింది, పండగ కదా అని ఈ రోజు ఇంట్లో చెప్పలేదు.

7 ఏప్రిల్, సోమవారం.

అనుకోని ఉత్తరం. రద్దయిన నౌకల పనిలో నష్టపోయిన చిన్న కాంట్రాక్టర్లకు ప్రభుత్వం పరిహారం ఇస్తుందట, కంపెనీ ద్వారా. వాడిన ఉక్కుకు ఖరీదు, చేసిన పనికి కూలి, ఆ పని పోయిన కార్మికులకు తలా మూడు నెలల జీతం. రెండు విడతలు. కావలసినవి: తయారైన సరుకు, ఆర్డరు కాగితం, స్టేజి కార్డులు, అంటే ఆ గులాబీరంగువే.

ఆర్డరు కాగితం ఇంట్లో ఉంది. సరుకు షెడ్డులో ఉంది.

మా అమ్మాయి ఆరాధన ఉత్తరం రెండుసార్లు చదివి, "కార్డులు లేకపోతే ఎట్లా డాడీ?" అంది. కంప్యూటర్ సెంటర్‌లో టైపు చేస్తుంది, ఇలాంటి కాగితాలు రోజూ చూసే పిల్ల. అడుగు మీ హరిలాల్‌ని అన్నాను.

8 ఏప్రిల్, మంగళవారం.

హరిలాల్‌ని స్కూటర్ వెనక ఎక్కించుకుని తుల్సీరాం దగ్గరికి వెళ్ళాను. 

తుల్సీరాం నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "నెల గావొచ్చె సారూ. నా తాన వారం కంటే ఎక్కువ ఉంచ. కాగితం మిల్లుకు లారీల పోయింది."

గోదావరి ఒడ్డున కాగితం మిల్లు. గేటు దగ్గర గంటసేపు బతిమాలితే లోపలికి పంపారు. రద్ది కట్టలు ఇళ్ళంత ఎత్తున పేర్చి ఉన్నాయి. మార్చి సరుకు ఎప్పుడో గుజ్జయిపోయిందని సూపర్‌వైజర్ చెప్పాడు. నేను నీడకు వచ్చి నిలబడ్డాను. హరిలాల్ వినలేదు. తెగిపోయి పక్కన పడిన కట్టల్లో వంగి మూడు గంటలు వెతికాడు. ఎండ మండిపోతోంది. వాడి చొక్కా ఒంటికి అంటుకుపోయింది.

ఒక్క కార్డు దొరికింది. పదకొండో మూత, వెల్డింగ్ కార్డు, ఒక మూల చిరిగింది. సంతకం ఉంది. దాన్ని రెండు చేతులతో పట్టుకుని తెచ్చాడు. "ఒక్కటన్న దొరికింది సారూ" అన్నాడు.

మంచిది అన్నాను. తీసుకుని జేబులో పెట్టుకున్నాను.

2 మే.

కంపెనీకి రాశాం. ఒక్క కార్డు జెరాక్సు పెట్టాం. చూద్దాం.

20 జూన్, శుక్రవారం.

బడులు తెరిచారు. హరిలాల్ భార్య పూలి షెడ్డుకు వచ్చి వాడితో ఏదో గొడవ పడి వెళ్ళింది. వాళ్ళ భాష నాకు సగమే అర్థమవుతుంది. సైదమ్మను అడిగితే చెప్పింది. వాళ్ళ బిడ్డ సోనిని బడిలో రద్దిలాల్ బిడ్డ అని ఏడిపిస్తున్నారట, బడికి పోనని కూర్చుందట.

పిల్లలు ఏదో ఒకటి అంటూనే ఉంటారు.

14 జూలై, సోమవారం.

విశాఖ నుంచి ఆఫీసరమ్మ వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి, కళ్ళజోడు, మాట తక్కువ. చిరిగిన కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది. "కార్డులు ఉండేవని ఒప్పుకుంటాను. కానీ మూతలు నిలబడతాయని ఎలా నమ్మను?" అంది.

నేను ఏదో చెప్పబోతుంటే హరిలాల్ అందుకున్నాడు. "మీ ముందట్నే పరీక్ష వెడ్త మేడమ్."

మూత వెల్డింగుకు ఒకవైపు సున్నం పూస్తారు. ఆరాక రెండోవైపు కిరసనాయిలు రాస్తారు. అతుకులో వెంట్రుకంత సందున్నా కిరసనాయిలు అవతలికి దిగి సున్నం మీద మరక పడుతుంది. ఇరవై ఆరు మూతలకూ చెయ్యాలి. పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం ఐదయింది. ఆఫీసరమ్మ కుర్చీ వేయించుకుని కూర్చుంది. ఒక్కో మూత చూడడం, రాసుకోవడం. పదిహేడో మూత చూసి, సరే అని రాసుకుని, పద్దెనిమిదో దాని దగ్గరికి పోయింది.

"మేడమ్, దీన్ల ఉన్నది" అన్నాడు హరిలాల్.

వెనక్కి వచ్చింది. వాడు వేలు పెట్టి చూపించాడు. ఆవగింజంత మరక. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంటే గానీ కనబడలేదు.

ఇరవై ఐదు రాసుకుంది.

నీకెందుకురా అని పళ్ళు కొరికాను. ఒక్క మూత ఖరీదు వాడికేం తెలుసు! వాడు నెమ్మదిగా అన్నాడు. "నేను వెట్టిన అతుకే సారూ అది. నాకు కనబడ్డది, ఎట్ల ఊకుంట?"

వెళ్ళేటప్పుడు ఆఫీసరమ్మ నాతో అంది. "ఇతను లేకపోతే మిగతా ఇరవై ఐదూ నేను నమ్మేదాన్ని కాదు."

15 జూలై, మంగళవారం.

కార్డులు ఎలా పోయాయో అఫిడవిట్ రాసి ఇవ్వమని ఆఫీసరమ్మ నిన్న వెళ్ళే ముందు చెప్పింది. ఫారం ఇచ్చింది. అందులో ఒక గడి: నష్టానికి బాధ్యులు. దాని కింద సన్నటి అక్షరాలతో రెండు నిబంధనలు. యజమాని వల్ల పోతే కూలి క్లెయిము మొత్తం చెల్లదు, కార్మికుల పరిహారం కూడా దాంట్లోదే కాబట్టి అదీ పోతుంది. కార్మికుడి వల్ల పోతే ఆ ఒక్క కార్మికుడికే పరిహారం రాదు.

చాలాసేపు కూర్చున్నాను. నా పేరు రాస్తే నేనూ పోతాను, సైదమ్మ, క్రిస్టోఫర్, హెల్పర్లు ఇద్దరూ పోతారు. చివరికి హరిలాల్ కూడా పోతాడు. వాడి పేరు రాస్తే వాడొక్కడే. ఆ మూడు నెలల జీతం నేను జేబులోంచి ఇచ్చుకోవచ్చు. లెక్క ఎటు తిప్పినా ఇదే వస్తోంది. పైగా అమ్మింది వాడే, అందులో అబద్ధం ఏముంది.

ఆరాధన టైపు చేసింది. "అర్థం చేసుకోవడంలో పొరపాటు వల్ల" అని నేను చెబుతుంటే చేతులు కీబోర్డు మీద ఆపింది. "డాడీ, ఆ రోజు నువ్వు ఏ మాట అన్నావు?"

"రద్దు."

టైపు చేసింది.

సాయంత్రం హరిలాల్‌ని పిలిచి సంతకం పెట్టమన్నాను.

"ఏమున్నది సారూ ఇందుల?"

"కార్డులు పోయాయని ఉంది."

ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. నాలుగో తరగతి దాకా చదివాడు, సంతకం గుండ్రంగా, ముచ్చటగా ఉంటుంది. ఆరాధన లేచి లోపలికి వెళ్ళిపోయింది.

16 జూలై.

రద్దు అనే అన్నాను. మాది మధిర. మేం మాట నమిలి మింగం, స్పష్టంగా అంటాం. తండా వాళ్ళ చెవికి ఎలా వినిపిస్తే దానికి నేను బాధ్యుణ్ణా?

9 ఆగస్టు.

వాన. కరెంటు లేదు. ఒక ట్రాలీ తొట్టి రిపేరుకు వచ్చింది, అంతే. హరిలాల్ రోజూ వస్తున్నాడు. చెప్పిన పని చేస్తాడు. ఇదివరకు మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు వాడి డబ్బాలోంచి మిరపకాయ పచ్చడి నా కంచంలో వేసేవాడు. ఇప్పుడు బయట చెట్టు కింద కూర్చుని తింటున్నాడు.

22 సెప్టెంబర్, సోమవారం.

మొదటి విడత వచ్చింది. ఉక్కు ఖరీదులో సగం నాకు. బ్యాంకు నోటీసుకు సరిపోతుంది. ఇల్లు ఆగుతుంది. దేవుడికి స్తోత్రం.

కార్మికుల చెక్కులు పంచడానికి కంపెనీ క్లర్కు షెడ్డుకే వచ్చాడు. సంగతి తెలిసి అందరూ ఉతికిన బట్టలు వేసుకొచ్చారు. హరిలాల్ కూడా గ్రీజు పోయేదాకా చేతులు కడుక్కుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని వరసలో నిలబడ్డాడు. క్లర్కు నాలుగు పేర్లు చదివాడు. సైదమ్మ చెక్కు కళ్ళకద్దుకుంది. క్లర్కు సంచి మూసేశాడు.

"నా పేరు చదవలే సారూ" అన్నాడు హరిలాల్.

క్లర్కు లిస్టు చూసి, "నీ పేరు లేదు" అన్నాడు.

హరిలాల్ నావైపు చూశాడు.

"నీది తర్వాత వస్తుంది" అన్నాను.

23 సెప్టెంబర్, మంగళవారం.

రాదని ఆరాధన చెప్పేసింది. నన్ను అడగకుండా, పొద్దున్నే షెడ్డుకు వెళ్ళి, ఫారం జెరాక్సు చూపించి, గడి కింద సన్నక్షరాలన్నీ చదివి వినిపించి వచ్చింది. ఎవరు చెప్పమన్నారే అంటే, "సంతకం పెట్టించుకున్నప్పుడు నువ్వు చదివి వినిపించలేదు కాబట్టి నేను వినిపించాను" అంది. ఇరవై రెండేళ్ళ పిల్ల. చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. ఆ కోపం ఆ పిల్ల మీద కాదని నాకూ తెలుసు.

సాయంత్రం హరిలాల్ ఇంటికి వచ్చాడు. ఆరోగ్యమ్మ కుర్చీ వేసింది. కూర్చోలేదు.

"తప్పు నాది అని రాసిన్రంట."

"అలా రాస్తేనే నలుగురికీ వచ్చాయిరా. నా పేరు రాస్తే ఎవరికీ వచ్చేవి కావు. నీ మూడు నెలల జీతం నేనిస్తాను. రేపే ఇస్తాను."

"ఇయ్యున్రి. తీసుకుంట. అది నా కష్టం." వెళ్ళబోయి వెనక్కి తిరిగాడు. "గని నాకు ఒక కాగితం గావాలె సారూ."

"ఏం కాగితం?"

"ఆ దినం ఫోన్ల మీరు ఏమన్నరో అది. మీ చేత్తోని రాసి, సంతకం వెట్టి, షెడ్డు ముద్ర ఎయ్యిన్రి."

"కాగితం ఎందుకురా? నలుగురికీ నోటితో చెబుతాలే."

"నోటితోని వద్దు సారూ. నోటి మాట ఎటన్న వినబడ్తది. మీరే అన్నరు గదా."

ఆరోగ్యమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. వాడు వెళ్ళాక నన్ను అడిగింది. "ఏందయ్యా, ఏమన్నవ్ నువ్వు ఫోన్ల?"

రద్దు అన్నాను అని చెప్పాను. అన్నం పెట్టింది. పక్కన కూర్చోలేదు.

24 సెప్టెంబర్.

మూడు నెలల జీతం హరిలాల్ చేతిలో పెట్టాను. లెక్క చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. "కాగితం?" అన్నాడు. రాస్తాను అన్నాను.

25 సెప్టెంబర్.

ఎలా రాస్తాను? రెండో విడత డిసెంబరులో. ఆ కాగితం ఆఫీసరమ్మ దగ్గరికి పోతే అఫిడవిట్ అబద్ధం అవుతుంది. రెండో విడత రాదు సరే, మొదటిది కూడా వెనక్కి కట్టమంటారు. ఇల్లు పోతుంది. వాడికి కోపం ఉంది, ఉండాల్సిందే, కానీ కోపం ఉన్న మనిషి చేతికి అలాంటి కాగితం ఎవడైనా ఇస్తాడా?

26 సెప్టెంబర్.

ఇవ్వాళ సైదమ్మ రాలేదు. రాసేదేదో అందరూ ఉన్నప్పుడే రాయాలి కదా.

27 సెప్టెంబర్.

ముద్ర వేసే ఇంకు ఎండిపోయింది.

28 సెప్టెంబర్, ఆదివారం.

చర్చిలో పూజ అయ్యాక బయట నలుగురం నిలబడ్డాం. మా ఫిట్టర్ వాళ్ళ పెదనాన్న ఆదాము, ముసలాయన, నవ్వుతూ అడిగాడు. "ఏం జయరాజ్, మీ రద్దిలాల్ మళ్ళ ఏమన్న అమ్మిండా?" అందరూ నవ్వారు. నేనూ నవ్వబోయాను. పక్కన ఆరోగ్యమ్మ ఉంది. ఆవిడ నా ముఖంలోకే చూస్తోంది. నవ్వు రాలేదు.

ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. ఈ పుస్తకం ఎవరూ చదవరు. ఇందులో కూడా అబద్ధం ఎందుకు రాస్తున్నానో నాకే తెలియదు.

రద్ది అన్నాను.

నేను అన్న మాటలు ఇవి. "ఓడ పోయింది, గీడ పోయింది. ఆ కార్డులు, డ్రాయింగులు అన్నీ రద్దికి అమ్మి పారెయ్. ఆ డబ్బులతో అందరూ చాయ్ తాగండి. నేను వచ్చేసరికి ఒక్క కాగితం నా కళ్ళబడకూడదు." అలాగే అన్నాను. మా షెడ్డు ఫోన్ మిషన్ల రొదలో వినబడదని ఎప్పుడూ స్పీకర్ మీదే పెట్టుకుంటాం. కాబట్టి సైదమ్మ విన్నది, క్రిస్టోఫర్ విన్నాడు, హెల్పర్లు విన్నారు. ఆరు నెలలుగా అందరికీ తెలుసు. నేను నలుగురి ముందూ వాణ్ణి తిడుతుంటే తెలిసి కూడా నోరు మూసుకుని నిలబడ్డారు, నా దగ్గర జీతం తీసుకునేవాళ్ళు కాబట్టి.

కోపంలో అన్నాను. బస్సులో ఆ కాకినాడ ఆయన మాట విన్నాక, అమ్మకం ఆపించాలనే రాజమండ్రిలో దిగి ఫోన్ చేశాను. ఇంటికి వచ్చేసరికే నేను రద్దు అన్నానని నాకే అనిపించడం మొదలైంది. ఎంత బాగా కుదిరింది ఆ మాట! ఒక్క అక్షరం.

సిగ్గుగా ఉంది. పెద్ద మాటలు రాయడం నాకు రాదు. సిగ్గుగా ఉంది, అంతే.

1 అక్టోబర్.

ఆరోగ్యమ్మకు చెప్పాను. అంట్లు తోమడం పూర్తి చేసింది. తర్వాత, "ఇల్లు పోతే కిరాయి ఇంట్ల ఉందాం. రాసియ్యి" అంది.

రాస్తాను అన్నాను. ఇల్లు పోదులే, వాడు అలాంటివాడు కాదు అని కూడా అన్నాను. "వాడు ఎసొంటోడైతే ఏంది, నువ్వు రాసేది రాయి" అంది.

4 అక్టోబర్, శనివారం.

రాశాను. మూడుసార్లు చింపి, నాలుగోసారి రాశాను. షెడ్డు లెటర్‌హెడ్ మీద.

"11-3-2008న విశాఖపట్నం నుంచి ఫోన్ చేసి, షెడ్డులోని స్టేజి కార్డులు, డ్రాయింగులు రద్దికి అమ్మమని మా వెల్డర్ హరిలాల్‌కు నేనే చెప్పాను. రద్దు అన్నానని తర్వాత నేను అందరికీ చెప్పింది అబద్ధం. హరిలాల్ నేను చెప్పిన పనే చేశాడు. ఇందులో అతని పొరపాటు ఏమీ లేదు."

సంతకం, తారీఖు, ముద్ర. కొత్త ఇంకు తెచ్చాను.

సాయంత్రం పని ఆపించి అందరినీ పిలిచాను. ఆరాధన కూడా వచ్చింది. చదవమని కాగితం దానికే ఇచ్చాను. చదివింది. సైదమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. క్రిస్టోఫర్ నేల చూశాడు. "మమ్ముల గూడ మాఫ్ చెయ్యి హరన్నా" అన్నాడు.

నేను హరిలాల్ ముందుకు వెళ్ళి, "తప్పు నాదిరా" అన్నాను. 'రా' ఎందుకన్నానో, అలవాటు. "తప్పు నాది హరిలాల్" అని మళ్ళీ అన్నాను.

వాడు కాగితం అందుకుని, వేలు పెట్టి ఒక్కో మాట మెల్లగా తనే చదువుకున్నాడు. మేమందరం నిలబడే ఉన్నాం. చివరిదాకా చదివి నాకు తిరిగి ఇచ్చాడు.

"ఒకటి రాయలే సారూ."

"ఏంటి?"

"నేను రెండుసార్లు అడిగిన. నిజంగనే అమ్మాల్నా సారూ, ఇన్‌స్పెక్టర్ సంతకాలున్నయ్ అని ఒకసారి అడిగిన. మళ్ళ ఒకసారి, రేపు మీరొచ్చినంక అమ్ముదం అన్న. మీరేమో చెవుడారా నీకు అన్నరు."

అడిగాడు. రెండుసార్లు అడిగాడు. ఆదివారం నాడు, ఎవరూ చదవని ఈ పుస్తకంలో కూడా నేను అది రాయలేదు. మరిచిపోయాను అని రాద్దామనుకున్నాను ఇప్పుడు. మరిచిపోలేదు.

ఆఫీసు గదిలోకి వెళ్ళి సంతకానికి పైన ఉన్న ఖాళీలో రాశాను. "అమ్మే ముందు హరిలాల్ నన్ను రెండుసార్లు అడిగాడు. వద్దన్నట్టే అడిగాడు. నేను వినలేదు." చోటు చాలక అక్షరాలు ఇరుకయ్యాయి. తెచ్చి ఇచ్చాను. ఈసారి ఆ వాక్యం మాత్రం చదువుకుని, నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"సోని బడికి తీస్కపోయి సూపిస్త" అన్నాడు.

"ఆఫీసరమ్మకు?" అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. వాడూ చెప్పలేదు. చేతులు కడుక్కుని, వాళ్ళ తండా వైపు పోయే బూర్గంపాడు బస్సుకు వెళ్ళాడు.